ఆ ట్యూబు ఎక్కడికి పోయింది? 2021లో తిరుపతి నుంచి సీక్వెన్సింగ్‌కి పంపిన శాంపిళ్ల గురించి

కొర్లగుంట_పాప | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నిన్న బీరువా సర్దుతుంటే నాయన కోవిడ్ పరీక్ష కాగితం దొరికింది. 2021 మే నెలది. మా నాయన ఘాట్ రోడ్డులో జీపు నడిపేవాడు. రైల్వే స్టేషన్ దగ్గర భక్తులను ఎక్కించుకుని కొండకు తీసుకుపోయి, మళ్లీ దింపేవాడు. ఏప్రిల్ ఆఖరు దాకా బండి తిప్పుతూనే ఉన్నాడు. మే నెలలో దగ్గు మొదలైంది. తొమ్మిదో రోజు పోయాడు.

కాగితం వెనకాల ఎవరో పెన్నుతో "హైద్ – సీక్వె" అని రాశారు. స్వాబ్ తీసిన అమ్మాయి ఆ రోజు "మీ నాయన శాంపిల్ హైదరాబాద్ పోతుందమ్మా, ఏ రకం వైరస్సో చూస్తారు" అంది. ఫలితం రాలేదు. రెండుసార్లు పోయి అడిగితే "అది మీకు ఇచ్చేది కాదు" అని పంపించేశారు. ఆ మాట ఇన్నేళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది. మా నాయన ముక్కులోంచి తీసింది మాకు కాకపోతే ఇంకెవరికి ఇస్తారు?

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ ట్యూబు ఏమైంది? దానివల్ల ఎవరికైనా ఉపయోగం జరిగిందా?

చిత్తూరుబెల్లం | ఆదివారం రాత్రి 9:40

చదివి మనసు బరువెక్కింది చెల్లెమ్మా. మా పెదనాన్నది కూడా అదే నెల. మాకు సీక్వెన్సింగ్ మాటే ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ల్యాబుల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు, తప్పకుండా చెప్తారు.

ల్యాబు_నైట్‌డ్యూటీ | ఆదివారం రాత్రి 11:55

చెల్లెమ్మా, నేను 2020 నుంచి 2022 దాకా మన ఊళ్లోనే ఒక ల్యాబులో పనిచేశాను. ఏ ల్యాబో చెప్పను. మీ నాయన ట్యూబు నా చేతిమీదుగా పోయిందో లేదో కూడా చెప్పలేను. కానీ ఆ రోజుల్లో అలాంటి ట్యూబులు ఏ దారిన పోయాయో నాకు బాగా తెలుసు.

స్వాబ్ తీయగానే దాన్ని గులాబీరంగు ద్రవం ఉన్న చిన్న ట్యూబులో పెడతారు. అందులోంచి కొంత తీసి ఆర్‌టీపీసీఆర్ చేస్తాం. ఆ యంత్రం వైరస్ జన్యుపదార్థంలో కొన్ని ముక్కలను ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చేసుకుంటూ పోతుంది. వైరస్ ఎక్కువుంటే 18, 20 సైకిళ్లకే కనపడుతుంది. తక్కువుంటే 34 దాకా పోవాలి. అదే సీటీ విలువ. మీ కాగితంలో కూడా ఉండొచ్చు, చూడండి. 25 లోపు ఉన్నవాటిని మేం పక్కకు తీసి పెట్టేవాళ్లం. సీక్వెన్సింగ్‌కి వైరస్ దండిగా ఉండాలి, లేకపోతే మధ్యమధ్యలో అక్షరాలు చదవడానికి దొరకవు. సీక్వెన్సింగ్ అంటే వైరస్ జన్యుపదార్థాన్ని అక్షరం అక్షరంగా చదవడమే.

ఆ ట్యూబులను రాత్రి పన్నెండు దాటాక ప్యాక్ చేసేవాళ్లం. మూత చుట్టూ పారాఫిల్మ్, పైన జిప్ కవరు, దానిపైన ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బా డ్రై ఐస్ పోసిన థర్మాకోల్ పెట్టెలో. ఒకరోజు డ్రై ఐస్ దొరక్క మామూలు ఐస్ ప్యాకులు పెట్టాం. బండి ఆలస్యమైంది. పొద్దున పెట్టె తెరిచి చూస్తే ట్యూబుల మీద చెమట పట్టినట్టు నీళ్లు. మామూలు పెన్నుతో నంబరు రాసినవాటి మీద నీలం మరక తప్ప ఏమీ లేదు. అలాంటివి పదకొండు. ఏది ఎవరిదో తెలియనప్పుడు, ఏ రోజుదో ఏ ఊరిదో తెలియనప్పుడు, ఎంత బాగా సీక్వెన్స్ చేసినా దేనికీ పనికిరాదు. ఆ పదకొండూ పంపలేదు. వాటి వెనక పదకొండు ఇళ్లు ఉన్నాయని ఆ రోజే అనిపించింది. ఇప్పటికీ నంబరు రాసేటప్పుడు పర్మనెంట్ మార్కర్ ఉందా అని రెండుసార్లు చూసుకుంటాను.

ఇక "మీకు ఇచ్చేది కాదు" అన్న మాట. విషయం నిజమే, కానీ చెప్పిన తీరు తప్పు. సీక్వెన్సింగ్ ఫలితం రావడానికి వారాలు పట్టేది. ఏ వేరియంట్ అయినా అప్పట్లో చికిత్స ఒకటే. అందుకే దాన్ని రోగి రిపోర్టుగా లెక్కపెట్టలేదు, ఊరి రిపోర్టుగా లెక్కపెట్టారు. ఊరిలో, రాష్ట్రంలో ఏది పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అన్నది దాన్నిబట్టే తెలిసేది. ఈ ముక్క మీకు కూర్చోబెట్టి చెప్పాల్సింది.

పీలేరు_తెలుగుమాస్టారు | సోమవారం ఉదయం 6:30

ల్యాబు బాబు చెప్పినదానికి నాదో మాట కలుపుతాను. నేను సైన్సు చదవలేదు, తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కానీ ఈ సీక్వెన్సింగ్ సంగతి వినగానే నాకు పరిచయమైన పనిలాగే అనిపించింది.

తిరుపతిలో ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాటాకు ప్రతులు ఉన్నాయి. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికాయనుకోండి. ఒక లేఖకుడు ఎక్కడో 'పలుకు' అని రాయాల్సింది 'పులుకు' అని రాస్తాడు. దాన్ని చూసి నకలు రాసినవాళ్లంతా అదే తప్పు రాస్తారు. తర్వాత వాళ్లలో ఒకాయన ఇంకోచోట ఇంకో తప్పు చేస్తాడు. పాఠాంతరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డో తేలిపోతుంది. ఏ తాటాకు మీదా తేదీ లేకపోయినా వంశవృక్షం గీయవచ్చు.

వైరస్ కూడా తనను తాను నకలు రాసుకునేదే కదా. మొత్తం ముప్పైవేల అక్షరాలట, ఉన్నవి నాలుగే అక్షరాలట. వేరియంట్ అనే మాటకు నాకు తోచిన తెలుగు మాట పాఠాంతరమే.

ల్యాబు_నైట్‌డ్యూటీ | సోమవారం మధ్యాహ్నం 1:20

మాస్టారూ, ఇన్నాళ్లు ఈ పని చేసినా ఇంత సులువుగా ఎవరికీ చెప్పలేకపోయాను. సరిగ్గా లెక్కపెడితే 29,903 అక్షరాలు. సగటున నెలకు రెండు తప్పులు పడుతుంటాయి. వుహాన్‌లో దొరికిన మొదటి జన్యుక్రమం 2020 జనవరిలో బయటపెట్టారు, ఇప్పటికీ మేం పక్కన పెట్టి పోల్చుకునే మూలప్రతి అదే.

పని జరిగే తీరు క్లుప్తంగా చెప్తాను. వైరస్‌ది ఆర్‌ఎన్‌ఏ, ముందు దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు. మొత్తాన్ని ఒకేసారి చదవరు. ఒక్కోటి 400 అక్షరాలు ఉండే ముక్కలుగా పెంచుతారు, ఒకదాని అంచు ఇంకోదాని మీద పడేట్టు. ఒక్కో రోగి ముక్కలకు ఒక్కో చిన్న గుర్తు అతికిస్తారు కాబట్టి పదుల శాంపిళ్లను కలిపి ఒకే యంత్రంలో వేయొచ్చు. యంత్రం చదివి ఇచ్చిన ముక్కలను కంప్యూటర్ అంచులు చూసుకుంటూ మళ్లీ వరుసలో పేరుస్తుంది. చదవలేకపోయిన చోట 'ఎన్' అని వస్తుంది. ఎన్‌లు ఎక్కువున్న క్రమం వేరియంట్ తేల్చడానికి పనికిరాదు. చివరికి పాంగొలిన్ అనే సాఫ్ట్‌వేర్ "ఇది ఫలానా కొమ్మది" అని చెప్తుంది.

మీ పోలిక దగ్గర రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకే తప్పు సంబంధం లేని రెండు చోట్ల విడివిడిగా పడవచ్చు. వైరస్‌కు లాభం చేసే తప్పయితే మరీను. కాబట్టి ఒక్క మార్పు చూసి చుట్టరికం కలపకూడదు, మొత్తం చూడాలి. రెండోది, ఒకే మనిషికి ఒకేసారి రెండు రకాలు సోకితే అవి కలిసిపోయి కొత్తది పుట్టవచ్చు. 2022లో వచ్చిన ఎక్స్‌బీబీ అలాంటిదే.

పీలేరు_తెలుగుమాస్టారు | సోమవారం మధ్యాహ్నం 2:05

రెండు ప్రతులు ముందు పెట్టుకుని కలిపి రాసిన ప్రతి అన్నమాట. మాకూ అవంటే తలనొప్పే బాబూ. వంశవృక్షంలో దానికి తల్లులు ఇద్దరు.

ఢిల్లీలో_చిత్తూరోడు | సోమవారం రాత్రి 8:15

అందరికీ మంచిగానే అనిపిస్తున్నట్టుంది, నాకు మాత్రం సీక్వెన్సింగ్ అంటే ఇప్పటికీ మంటే. 2021 మే మొదట్లో టీవీల్లో "ఏపీ స్ట్రెయిన్", "ఎన్440కె", "పదిహేను రెట్లు ప్రమాదం" అని పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే మోత. ఆంధ్ర, తెలంగాణ నుంచి ఢిల్లీ వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ అని ఉత్తర్వు వచ్చింది. మా అమ్మకు బాగాలేదంటే చిత్తూరు వచ్చి, తిరిగి పోయాను. నేనుండే గది ఓనరు గేటు దగ్గరే నిలబెట్టి "ఆంధ్రా వైరస్ ఇక్కడికి తేవద్దు" అన్నాడు. ఆరేళ్లుగా నెలనెలా అద్దె కట్టిన ఇల్లు అది. ల్యాబులు అక్షరాలు చదివి పేర్లు పెడితే మోసేది మేము. అన్నా, మీరు చెప్పండి, ఆ ఎన్440కె నిజమా అబద్ధమా?

ల్యాబు_నైట్‌డ్యూటీ | సోమవారం రాత్రి 11:30

తమ్ముడూ, నీ కోపం న్యాయమే. ఎన్440కె నిజమే. స్పైక్ ప్రోటీన్‌లో 440వ స్థానంలో ఒక మార్పు. వైరస్ మీద ముళ్లలా ఉంటుందే, అదే స్పైక్. అది 2020లో దక్షిణాది రాష్ట్రాల్లో బాగానే కనపడింది. ల్యాబులో కణాల మీద ఎక్కువ పెరుగుతోందని ఒక అధ్యయనం చెప్పింది. గాజుపాత్రలో కణాల మీద పెరగడం వేరు, ఊళ్లో మనుషుల మధ్య పాకడం వేరు. టీవీ ఆ రెండింటినీ ఒకటి చేసేసింది.

నిజానికి నువ్వు గేటు దగ్గర నిలబడ్డ ఆ రోజుల్లోనే అది తగ్గిపోతోంది. ఎన్440కె దక్షిణాదిలో వెనక్కి పోతోందని, దాని స్థానంలోకి బి.1.617, బి.1.1.7 అనే వేరే రకాలు వస్తున్నాయని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు అప్పుడే చెప్పారు. ఎలా చెప్పగలిగారు? ఇలా పంపిన ట్యూబులను చదివి. "ఏపీ స్ట్రెయిన్" అన్న ముద్ర తప్పని చూపించిందీ ఆ సీక్వెన్సింగే తమ్ముడూ.

ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు పెడితే ఇలాగే అవుతుందని 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాలు ఇచ్చింది. బి.1.617.2 కి డెల్టా అని పేరు వచ్చింది అప్పుడే. ఆ పని ఒక నెల ముందు జరిగి ఉంటే నీకు ఆ అవమానం తప్పేదేమో.

ఢిల్లీలో_చిత్తూరోడు | సోమవారం రాత్రి 11:52

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదన్నా. తగ్గిపోతున్నదాని పేరు చెప్పి నిలబెట్టారన్నమాట.

మందులషాపు_రాత్రి | మంగళవారం ఉదయం 7:45

రోగికి ఉపయోగం లేదన్న మాట దగ్గర కొంచెం ఆగండి. నాది మందుల షాపు. 2021లో యాంటీబాడీ కాక్‌టెయిల్ అని వచ్చింది కదా, కాసిరివిమాబ్, ఇమ్‌డెవిమాబ్. ఒక డోసు 59,750 రూపాయలు. డెల్టా మీద పనిచేసింది. ఒమిక్రాన్ వచ్చాక ఆ రెండు యాంటీబాడీలు పట్టుకునే చోటే వైరస్ మారిపోయింది. ఒమిక్రాన్ స్పైక్‌లో ముప్పైకి పైగా మార్పులు. అంటే 2022 జనవరిలో ఊళ్లో తిరుగుతున్నది ఒమిక్రాన్ అని తెలిస్తే, ఆ అరవై వేలు పెట్టడం అనవసరం.

ఒక పెద్దాయన ఆ నెలలో కొడుకుతో వచ్చి ఆవును అమ్మైనా సరే ఆ ఇంజెక్షన్ తెప్పించమని అడిగాడు. నేను వద్దన్నాను. వద్దనడానికి నాకు ధైర్యం ఇచ్చింది పేపర్లో వచ్చిన సీక్వెన్సింగ్ వార్తే. ఆ ట్యూబుల్లో ఎవరి ట్యూబు ఉందో ఆ కుటుంబానికి తెలియదు, కానీ ఈ కుటుంబానికి ఆవు మిగిలింది.

మదనపల్లి_టమాట | మంగళవారం ఉదయం 9:10

మాకు టమాటాలో ఆకుముడత వైరస్ ఇలాగే. తెల్లదోమ మోస్తుంది. తట్టుకుంటుందని ఒక రకం నారు కొంటాం, నాలుగు కాపులు బాగుంటుంది, మళ్లీ పడిపోతుంది. విత్తనం మోసం అనుకుని అంగడి వాడితో పోట్లాడినాం. వైరస్సులోనే రకాలున్నాయని, అది మారుతుందని తర్వాత తెలిసింది. మనుషులకైనా చెట్లకైనా ఏది తిరుగుతోందో ముందే చూసుకోవాల్సిందే.

తిరుచానూరు_ఎంఎస్సీ | మంగళవారం సాయంత్రం 5:40

నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను. కొర్లగుంట అక్క నాయన గురించి చదివిన దగ్గర్నుంచి ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. మన ఊరికి మాత్రమే ఉన్న చిక్కు ఇది.

తిరుపతికి రోజూ అరవై డెబ్బై వేల మంది వస్తారు. మహారాష్ట్ర, తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, ఎక్కడెక్కడి నుంచో. క్యూలో, కాటేజీలో, జీపులో పక్కపక్కన కూర్చుంటారు. ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోతారు. ఒమిక్రాన్ సోకితే లక్షణాలు కనపడటానికి సగటున మూడు రోజులు, డెల్టాకు నాలుగు. అంటే ఇక్కడ అంటుకున్నవాళ్లు వాళ్ల ఊళ్లో పడుకుంటారు. ఆ స్వాబ్ నాగపూర్‌దో సేలందో అవుతుంది. తిరుపతి లెక్కలో పడదు. ఇక్కడ మిగిలేది ఎవరు? జీపు డ్రైవర్లు, కల్యాణకట్ట దగ్గర పనిచేసేవాళ్లు, లాడ్జి రూంబాయ్‌లు, పూలమ్మేవాళ్లు. వచ్చినవన్నీ ముందు తగిలేది వాళ్లకే. పెద్ద ఆసుపత్రులకు వచ్చిన స్వాబ్‌లతో పాటు వీళ్లలో ప్రతివారం కొద్దిమంది నుంచి తీసుకుంటే ఊళ్లోకి ఏది దిగిందో ముందే తెలిసేది.

2021 డిసెంబరులో రాష్ట్రంలో రెండో ఒమిక్రాన్ కేసు మన తిరుపతిలోనే బయటపడింది, విదేశం నుంచి చెన్నైలో దిగి ఇక్కడికి వచ్చిన ప్రయాణికురాలిది. డిసెంబరు 12న తీసిన శాంపిల్ హైదరాబాద్ పోయి, ఫలితం 22న తెలిసింది. పది రోజులు. ఆ పది రోజుల్లో కొండకు ఎంతమంది వచ్చి వెళ్లి ఉంటారో లెక్కేసుకోండి. 2022 జనవరిలో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో సీక్వెన్సింగ్ ల్యాబు పెట్టారు. అప్పటిదాకా మన రాష్ట్రం ట్యూబులు పొరుగు రాష్ట్రానికి పోవాల్సి వచ్చింది.

నాకున్న ఆశ ఇంకోటి. మురుగునీరు. సోకినవాళ్ల మలంలో వైరస్ ముక్కలు పోతాయి, లక్షణాలు లేనివాళ్లవి కూడా. 2020లో సీసీఎంబీ, అక్కడిదే ఇంకో పరిశోధన సంస్థ ఐఐసీటీ కలిసి హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి ఆరు లక్షలకు పైగా జనానికి సోకి ఉంటుందని అంచనా వేశాయి. అమెరికాలోని శాన్ డియేగోలో మురుగునీటిని సీక్వెన్స్ చేసి, ఆసుపత్రి శాంపిళ్లలో కంటే 14 రోజుల ముందు దాకా కొత్త వేరియంట్లను పట్టుకున్నారు. మన తూకివాకం శుద్ధి కేంద్రం దగ్గర వారానికి ఒక శాంపిల్ తీస్తే, ఒక్క రాత్రి ఉండి పోయిన భక్తుడి ఆనవాలు కూడా అందులో ఉంటుంది. అతన్ని ఎవరూ ఆపి ముక్కులో పుల్ల పెట్టక్కర్లేదు.

బస్టాండు_లాడ్జి | మంగళవారం రాత్రి 8:25

అమ్మాయి, చదువుకున్నదానివి, బాగా చెప్పావు. కానీ మాకు భయం ఉంటుంది. ఫలానా లాడ్జి పైపులో కొత్త వైరస్ అని పేపర్లో పడితే సీజన్ మొత్తం పోతుంది. 2020 మార్చి 20 నుంచి దర్శనాలు ఆగినప్పుడు మూడు నెలలు జీతాలు ఇవ్వలేక నా దగ్గర పదమూడేళ్లు పనిచేసిన వంటమనిషిని పంపించాను. ఆయన మళ్లీ రాలేదు.

తిరుచానూరు_ఎంఎస్సీ | మంగళవారం రాత్రి 9:00

అంకుల్, మీ భయం అర్థమైంది. శుద్ధి కేంద్రం దగ్గర తీస్తే లక్ష గొట్టాల నీళ్లు కలిసి వస్తాయి. ఏ లాడ్జిదో, ఏ వీధిదో తేలదు, తేలకూడదు కూడా. తెలిసేది ఊరు మొత్తం మీద ఏ రకం ఎంత పాలు ఉందనేది మాత్రమే. ముందే తెలిస్తే మాస్కులు, పడకలు సిద్ధం చేసుకుని ఊరు మూయకుండా గడవొచ్చు. 2020లో ఏమీ తెలియదు కాబట్టే అన్నీ మూసేయాల్సి వచ్చింది.

దీనికీ లోపాలున్నాయి. వాన పడితే పలచబడిపోతుంది. సెప్టిక్ ట్యాంకులున్న శివారు కాలనీలు లెక్కలోకే రావు. ముక్కలు చెదిరిపోయి ఉంటాయి కాబట్టి పూర్తి క్రమం దొరకదు, కొన్ని గుర్తులనుబట్టి పాళ్లు లెక్కకట్టాలి.

ఆశా_బైరాగిపట్టెడ | బుధవారం మధ్యాహ్నం 3:15

నేను ఆశా వర్కర్‌ని. ఇవన్నీ చదివాక చెప్పాలనిపించింది. 2022 జనవరిలో మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. స్వాబ్ ఇచ్చింది నలుగురు. మిగతావాళ్లు షాపులో కిట్టు కొనుక్కుని ఇంట్లోనే చూసుకున్నారు, లేదా అదీ లేదు. పాజిటివ్ అంటే వారం కూలి పోతుందని ఒకామె నా కాళ్లు పట్టుకుంది. ఇంట్లో కిట్టుతో చూసుకున్నది సీక్వెన్సింగ్‌కి పోదు కదా సార్? అంటే మా వీధి ఆ లెక్కలో లేనట్టే.

ల్యాబు_నైట్‌డ్యూటీ | బుధవారం రాత్రి 11:10

లేనట్టేనమ్మా. యంత్రం ఎంత గొప్పదైనా ట్యూబు దాకా వచ్చినవాళ్లనే లెక్కపెడుతుంది. పాజిటివ్‌లలో 5 శాతం సీక్వెన్స్ చేయాలని 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అనే దేశవ్యాప్త సీక్వెన్సింగ్ ల్యాబుల కూటమిని మొదలుపెట్టినప్పుడు అనుకున్నారు. కానీ ఆ 5 శాతం ఎవరి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. విమానాల్లో వచ్చినవాళ్లు, ఆసుపత్రిలో చేరినవాళ్లే ఎక్కువైతే, కూలివాళ్ల వీధుల్లో ఏముందో తెలియదు. పాజిటివ్ వచ్చిన కూలివాళ్లకు ఆ వారం డబ్బు ఇవ్వడం కూడా సీక్వెన్సింగ్ ఖర్చులో భాగమే అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

కొర్లగుంట_పాప | గురువారం రాత్రి 9:30

నాలుగు రోజులుగా అందరివీ రెండేసిసార్లు చదువుతున్నాను. ల్యాబు అన్నా, కాగితంలో చూశాను. సీటీ 19 అని ఉంది. తేదీ మే 11. ఇప్పుడు ఏమైనా తెలుసుకోవచ్చా?

ల్యాబు_నైట్‌డ్యూటీ | గురువారం రాత్రి 10:15

19 అంటే వైరస్ దండిగా ఉంది. ట్యూబు సవ్యంగా చేరి ఉంటే క్రమం పూర్తిగా దొరికే అవకాశం ఎక్కువ. చదివిన క్రమాలను గిసెయిడ్ (GISAID) అనే అంతర్జాతీయ డేటాబేసులో పెడతారు. పేర్లు ఉండవు. రాష్ట్రం, తేదీ, కొన్నింటికి వయసు ఉంటాయి. కాబట్టి ఇది మీ నాయనదే అని ఎవరూ వేలు పెట్టి చూపించలేరు చెల్లెమ్మా. ఆ ఆశ పెట్టుకోవద్దు.

తిరుచానూరు_ఎంఎస్సీ | శుక్రవారం సాయంత్రం 6:20

అక్కా, నాకు అందులో లాగిన్ ఉంది. ఈరోజు కాలేజీ అయ్యాక కూర్చుని ఆ నెల మన రాష్ట్రం నుంచి వెళ్లినవి చూశాను. ఎక్కువ భాగం డెల్టానే. నాయన దేనివల్ల పోయారంటే, దాదాపుగా అదే. ల్యాబు అన్న ఢిల్లీ అన్నకు చెప్పారే, ఎన్440కె పోయి వేరేది వస్తోందని, అది ఇలాంటి వరుసలు చూసి చెప్పిందే. వరుస వరుసకూ ఒక మనిషి. చూస్తుంటే చదువులా అనిపించలేదక్కా.

కొర్లగుంట_పాప | శుక్రవారం రాత్రి 10:05

థాంక్స్ చెల్లీ. అమ్మకు చదివి వినిపించాను. "డెల్టా" అని రెండుసార్లు అని, ఇంక ఏమీ అడగలేదు. కాగితం మళ్లీ బీరువాలో పెడుతున్నాను. వెనకాల పెన్ను రాత అప్పుడే కొంచెం వెలిసింది, చెరిగిపోకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.